మా అమ్మాయి పడవ ఫ్యాన్

ఫోను మోగితే మంచి వార్తే అయి ఉంటుందని నేనెప్పుడూ అనుకోను. ఆ ఉదయం కూడా తడి చెయ్యి తుడుచుకోకుండానే ఎత్తాను.

"వదినా, అమ్మాయి ఫోను ఎత్తట్లేదు," అన్నాడు అవతల పానా. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రేవులో పడవ మోటార్లు బాగుచేస్తాడు, మా అమ్మాయికి వరస కలిపి బాబాయ్. "కనబడితే చెప్పు. పిచ్చెక్కువైంది. సాయంత్రంలోగా రెండైనా తగ్గించకపోతే రేపు కష్టం."

ఫోను పెట్టేశాడు.

నిజమే మరి. మూడు వారాలుగా అది నిద్రలో అంకెలు పలవరిస్తోంది. పంతొమ్మిది అంటుంది, పదిహేడు అంటుంది. కంచం ముందు కూర్చుని గోడ చూస్తుంది. పాత పడవ కొన్న రోజే అనుకున్నాను, ఇలాంటిదేదో అవుతుందని. ఈ ఫోను వచ్చిన మర్నాడే దానికి పరీక్ష. ఆరుగురిని ఎక్కించుకుని పన్నెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు ఆసుపత్రికి చేరిస్తే, రోజూ నర్సులను తీసుకెళ్లే పని దానికిస్తారు. చేర్చలేకపోతే పడవ వదులుకోవాల్సిందే. రెండు తగ్గించడమంటే ఏం తగ్గించాలో, మందు వేయాలో సూది పొడవాలో తెలియక, ఒక చెప్పు నాది, ఒక చెప్పు దానిది వేసుకుని రేవుకు పరుగెత్తాను.

షెడ్డులో మా అమ్మాయి మోటారు కింద వెల్లకిలా పడుకుని ఉంది, పానా అప్పటికే అక్కడికి చేరి పక్కన నిలబడ్డాడు. వంగి నుదురు పట్టుకు చూశాను.

"ఏంటమ్మా?"

"ఏం లేదు తల్లీ. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద. ఎవరికీ చెప్పక్కర్లేదు."

విషయం బయటపడేసరికి పానా నవ్వు ఆపుకోలేక డబ్బా మీద కూలబడ్డాడు. "పిచ్చి కాదు వదినా, పిచ్. ఎక్కువైంది ఫ్యానుకి, నీ కూతురికి కాదు. దానిది పుట్టుకతో వచ్చింది, తగ్గేది కాదు."

"నవ్వింది చాలు, అర్థమయ్యేలా చెప్పు."

చెప్పాడు. నీళ్లలో తిరుగుతూ పడవను నెట్టే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే పడవ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్కే పిచ్. దీనిది పంతొమ్మిది. ఖాళీ పడవకి బాగానే ఉంటుంది. ఆరుగురు ఎక్కితే మాత్రం మోటారు రొప్పుతుంది, నిమిషానికి ఎన్ని చుట్లో చూపే మీటరు ముల్లు ఐదువేలు కూడా అందుకోదు. నిండు బిందె చంకనెత్తుకుని మెట్లు రెండేసి ఎక్కినట్టు. పదిహేడుది వేస్తే ఒక్కో మెట్టే ఎక్కుతుంది.

పదిహేడు ఫ్యాను బిగించారు. చూడాలంటే ఆరుగురు కావాలి. పానా, టికెట్ల గుమస్తా, రంగులేసే అన్నదమ్ములిద్దరు, ఐసు మోసే ఆయన ఎక్కారు.

"ఒకరు తక్కువ," అన్నాడు పానా నావైపు చూస్తూ.

"నేనెక్కను. మునిగితే?"

"లైఫ్ జాకెట్ ఉందమ్మా," అంది మా అమ్మాయి.

"రెండివ్వు."

ముందుకు చూసే ధైర్యం లేక వెనక్కి తిరిగి మోటారునే చూస్తూ కూర్చున్నాను. ముల్లు ఐదున్నర వేలు దాటింది. అయినా అవతలికి చేరేసరికి పన్నెండున్నర నిమిషాలు.

"నీళ్లు మోటారు మెడదాకా ఎగబాకుతున్నాయి," అన్నాను. "ఫ్యాను పైన పలక ఉందే, అది ఒక్కసారీ కనబడలేదు."

పానా వంగి చూశాడు. "మోటారు మరీ లోతుకు దిగి ఈడుస్తోంది. ఎవరే దీన్ని ఇంత కిందికి బిగించింది?"

"నేనే బాబాయ్. లోతుగా ఉంటే ఊడిపోదని అమ్మ ఒకటే పోరు."

నేను జాకెట్ తాళ్లు సరిచేసుకున్నాను.

మోటారు బోల్టులు పట్టే కన్నాల్లో రెండు కన్నాలు పైకి ఎత్తి బిగించారు. తిన్నగా పోయినంతసేపు పడవ దూసుకుపోయింది. మలుపు తిరగ్గానే ఫ్యాను గాలి మింగి గీపెట్టింది. మోటారు పక్కనుంచి పడే సన్నటి నీటిధార తెగిపోయింది.

"ధార ఆగింది, ఆపవే," అన్నాను.

మోటారును చల్లబరిచే నీళ్లట అవి, ఆగితే లోపలంతా మాడిపోతుందట. ఆ సంగతి తర్వాత చెప్పారు. అప్పటిదాకా కారుతున్నది కారడం మానేస్తే ఏదో చెడినట్టేనని మాత్రం నాకు తెలుసు.

ఒక కన్నం కిందికి దించారు. ఈసారి పలక పడవ అడుగుకి సమంగా, నీటిమీద తేలినట్టు వచ్చింది. మలుపులోనూ ధార తెగలేదు. పదకొండు నిమిషాలు.

"రేవుకొక్క పిరికిమనిషైనా ఉండాలి వదినా," అన్నాడు పానా. మెచ్చుకున్నాడో తిట్టాడో అడగలేదు.

మర్నాడు ఆసుపత్రి పెద్దాయన గడియారం పట్టుకుని ఐదుగురు నర్సులతో ఎక్కాడు. నేను గట్టునే నిలబడ్డాను. వాళ్లు తిరిగొచ్చేదాకా ఎన్ని పడవలు ముంచానో, ఎంతమందిని ఈదించానో మనసులో.

ఆయన పొడిబట్టలతోనే దిగాడు. "పదకొండు నిమిషాల పది సెకన్లు. సోమవారం ఏడింటికి మొదలుపెట్టమ్మా."

మా అమ్మాయి అటు తిరిగి గ్రీజు చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ముఖమంతా నల్లగా అయ్యాక నవ్వింది.

నేను ఆయన వెనకాలే నడిచాను. "గాలివాన వస్తేనో?"

"ఆ రోజు రావద్దు. మా గట్టు మీద ఎర్రజెండా కడతాం."

"జెండా గాలికి కొట్టుకుపోతే?"

ఆయన ఆగాడు. విసుక్కుంటాడనుకున్నాను. జేబులోంచి కలం తీసి తన ఫోను నంబరు రాసి నా చేతిలో పెట్టాడు, అంకెలు పెద్దగా, విడివిడిగా.