తలకిందులు బిళ్ల

నాలుగు టైర్లకీ మడమతో తలా ఒక తన్ను తన్ని, అయిదో తన్ను సర్వీసు సెంటరు అద్దాల తలుపుకి తన్నాలనిపించి, డ్రైవరు ఆగాడు. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే చేసే పనే ఇది. టైర్లో గాలెంతుందో అతనికి మీటరు చెప్పక్కర్లేదు, మడమ చెబుతుంది. కాకపోతే ఈ వారంలో మూడోసారి ఆ తన్నులన్నీ ఈ గేటు ముందే తన్నాల్సి వచ్చింది.

అతను నడిపేది కొండ మీది చిన్న ఆసుపత్రి బండి. ముందు చక్రాల దగ్గర మూలుగు వస్తోందంటే వారంటీ కింద ముందు క్రౌన్ మార్చారు. క్రౌన్ అంటే ఇంజను బలాన్ని చక్రాలకి పంచే పళ్లచక్రాల పెట్టె, ముందొకటి, వెనకొకటి. మార్చాక చదును రోడ్డు మీద బండి పెళ్లికొడుకులా నడిచింది. తీరా కొండ దారిలో బురద వచ్చి, వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకీ బలం అందించే నాలుగు చక్రాల లివరు వేయగానే గాడిదలా కాళ్లు బిగదీసింది. లోపల నొప్పులు పడుతున్న మనిషి. ఆరుగురు స్ట్రెచరుని భుజాల మీద మోసుకెళ్లారు. తల్లీ బిడ్డా బతికారు. ఆసుపత్రి మేనేజరు మాత్రం డ్రైవరుని బతకనివ్వలేదు.

ఎందుకంటే సర్వీసు సెంటరు వాళ్లు కాగితం రాసిచ్చారు: మా పనిలో లోపం లేదు, డ్రైవరు పొడి రోడ్డు మీద నాలుగు చక్రాలూ వేసి నడిపాడు, తప్పు అతనిదే. సాయంత్రంలోగా ఆ మాట మార్పించుకుని రా, లేకపోతే తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లు అన్నాడు మేనేజరు. ముప్ఫై ఏళ్లలో మేకపిల్లని కూడా గుద్దని మనిషికి, చివరికి మిగిలే సర్టిఫికెట్టు అదన్నమాట.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య మంచినీళ్ల సీసా చేతికిస్తూ, తన తమ్ముడు పనిచేసేది అక్కడే కదా అని గుర్తుచేసింది.

"వాణ్ణి ఒక్క మాట అడిగితే మీ నోరేమన్నా అరిగిపోతుందా?"

"నా నోరు అరగదు, వాడి తల పెరుగుతుంది," అన్నాడు డ్రైవరు.

బావా బావమరదులు మాట్లాడుకుని పన్నెండేళ్లు. ఒక పెళ్లిలో వచ్చినవాళ్లకి స్వాగతం చెప్పమని బావమరిదిని నిలబెట్టారు. చదువు అంతంతమాత్రం కనక పాపం రెండు రోజులు కూర్చుని అంతా బట్టీపట్టాడు. డ్రైవరు ఆ స్వాగతం మాటల కాగితం చేతికిస్తూ కావాలనే తిరగేసి ఇచ్చాడు. బావమరిది దాన్ని కళ్లకెదురుగా పెట్టుకుని గడగడా చదివేస్తున్నాడు. సగంలో డ్రైవరు లేచి, "ఒరేయ్, కాగితం తలకిందులుగా ఉందిరా!" అన్నాడు. పందిరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు నుంచి అతని పేరే తలకిందులు అయిపోయింది. పేరు పెట్టిన బావ మాత్రం ఇప్పటికీ అది తన జీవితంలోకెల్లా గొప్ప జోకు అనుకుంటాడు.

లోపల కౌంటరు వెనక మెడకి ఎర్ర టై కట్టుకున్న కుర్రాడు కూర్చున్నాడు. డ్రైవరు మొదటిరోజే అతనికి టై అని పేరు పెట్టేశాడు. టై కంప్యూటరు చూసి, తల ఎత్తకుండానే, సిస్టంలో అన్నీ సరిగ్గానే చూపిస్తున్నాయన్నాడు.

"మీ సిస్టం కొండెక్కి చూసిందా బాబూ?"

"బండి ఎక్కాలండీ, సిస్టం ఎందుకెక్కుతుంది."

"ఎక్కమంటే నా బండి నిజంగానే కొండెక్కింది. దీపం కొండెక్కినట్టు."

టైకి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానందుకు కోపం వచ్చింది. పసుపు గీత దాటి వర్క్‌షాపులోకి కస్టమర్లు రాకూడదనీ, కుర్చీలో కూర్చోమనీ చెప్పాడు. కిందటి రెండుసార్లూ డ్రైవరు ఆ కుర్చీలోనే మూడేసి గంటలు కూర్చున్నాడు. ఈసారి కూర్చోలేదు. బయటికెళ్లి, బండిని సరిగ్గా గేటుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని వచ్చి నిలబడ్డాడు. వెనక కొత్త బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. పావుగంట తిట్లు అటూ ఇటూ నడిచాయి. టై ముఖం టై రంగులోకి తిరిగాక, ఏం కావాలో చెప్పమన్నాడు.

"రెండు జాకీలు. ఒక సుద్దముక్క."

బండిని లోపల మూడో గడిలో పెట్టారు. అక్కడ బావమరిదే ఉన్నాడు. చిన్న చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ఇంకో బండి కింద పనిచేస్తున్నవాడు, బయటికి దొర్లి, బావని చూసి, టై వైపు తిరిగాడు.

"ఆయన్ని గీత అవతలికి పొమ్మనండి."

"ఈయన్ని కళ్లు తెరిచి చూడమనండి," అన్నాడు డ్రైవరు, తనూ టైతోనే.

మధ్యలో టై ఇద్దరికీ తలూపాడు.

డ్రైవరు మొదట వెనక చక్రాల సంగతి పట్టుకున్నాడు. ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి, రెండోదాన్ని జాకీతో గాల్లోకి లేపాడు. టైరు మీద సుద్దతో ఒక గీత, క్రౌన్‌ని తిప్పే పొడుగు కడ్డీ మీద ఒక గీత. గాల్లో ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, కడ్డీ ఎన్ని చుట్లు తిరిగిందో పైకి లెక్కపెట్టాడు. నాలుగు దాటి కాస్త. అది నేల మీద సుద్దతో రాశాడు. తర్వాత ముందు వైపు అలాగే లేపి, అలాగే తిప్పాడు. వర్క్‌షాపులో పని ఆగిపోయింది. పానాలు పట్టుకుని ఎనిమిదిమంది చుట్టూ చేరారు. ముందు కడ్డీ మూడు చుట్లు తిరిగింది, నాలుగోది పూర్తికాకుండానే చక్రం రెండు చుట్లూ అయిపోయాయి.

ఇంకోసారి తిప్పాడు. అంతే.

"ఒకే కాడికి రెండెడ్లు కట్టారు బాబూ. ఒకటి నాలుగడుగులు వేస్తే రెండోది మూడుముప్పావు వేస్తుంది. బండి ఎక్కడికి పోతుంది? ముందు పెట్టింది ఈ బండి క్రౌను కాదు."

టై నేల మీది సుద్ద అంకెల్ని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. డ్రైవరు పని అక్కడికి అయిపోయింది. లెక్క చాలు. కాగితం మార్చి రాసిస్తే జేబులో పెట్టుకుని వెళ్లిపోవచ్చు.

కానీ వంగి చూసేసరికి, ముందు క్రౌన్‌కి తీగతో వేలాడుతున్న రకం నంబరు రేకుబిళ్ల కనిపించింది. దాని మీద 86 అని పొడిచి ఉంది. వెనక దాని మీద 98. పెట్టెని గుండెల మీదికి దించుకుని, వెల్లకిలా పడుకుని, అవతలి వైపు నుంచి చూస్తే 86 ఎలా కనిపిస్తుందో అతనికి క్షణంలో తట్టింది. ఎవరు పడుకున్నారో కూడా తట్టింది. నాలుక దురద పెట్టింది. పన్నెండేళ్లుగా ఆ దురద తగ్గనే లేదు.

"బిళ్ల మీద ఎనభై ఆరు," అన్నాడు అందరికీ వినబడేలా. "చదివినవాడు తొంభై ఎనిమిదని చదివాడు. ఎలా చదివాడో మీకు తెలుసుగా? తలకిందులుగా."

ఎనిమిదిమందీ ఒక్కసారే నవ్వారు. ఎవడో ఈల వేశాడు. టై కూడా నవ్వాడు, అతనికి ఇప్పుడు నింద వేయడానికి ఒక మనిషి దొరికాడు కనక.

బావమరిది నవ్వులన్నీ ఆగేదాకా నిలబడ్డాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా.

"నేనే చదివాను బావా," అన్నాడు. పన్నెండేళ్లకి మొదటి మాట.

తర్వాత టైని కాగితం అడిగాడు. బండి ముందు మూత మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. డ్రైవరు మెడ చాచి చూశాడు. వేలిముద్ర వేస్తాడనుకున్నాడు. గుండ్రటి, ముత్యాల్లాంటి అక్షరాలు, రాత్రిబడి కాపీ పుస్తకంలోలాగ ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి: పెట్టె మార్చి బిగించింది నేను. డ్రైవరు తప్పు ఏమీ లేదు. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎవరికీ చెప్పలేదు. కింద సంతకం చేసి, కాగితాన్ని చదివేవాడికి సూటిగా ఉండేలా తిప్పి, బావ చేతిలో పెట్టాడు.

నీలం కోటు విప్పి మేకుకి తగిలించాడు. ఉండమని టై అనలేదు. ఉండమని డ్రైవరు అందామనుకున్నాడు, కానీ ఆ నాలుకకి అలాంటి మాటలు అలవాటు లేవు. బావమరిది వెనక గేటు గుండా వెళ్లిపోయాడు.

సరైన పెట్టె బిగించేసరికి మూడు దాటింది. ఆసుపత్రి మేనేజరు కాగితం రెండుసార్లు చదివి, చేతిరాత బాగుందన్నాడు. డ్రైవరు ఉద్యోగం ఉంది.

ఇంట్లో భార్య అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. తమ్ముడు బస్సులోంచి ఫోను చేశాడట. ఏ ఊరని అడిగితే, ఇంకా టిక్కెట్టు కొనలేదన్నాడట.

"అంతమందిలో అనకపోతే పని జరిగేది కాదా?"

డ్రైవరు జేబులో తాళంచెవి తీయబోతే దానితో పాటు రేకుబిళ్ల వచ్చింది. సాక్ష్యంగా ఉంటుందని తెచ్చుకున్నాడు. దాన్ని బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టాడు. భార్య దాని వంక చూసింది, అతనూ చూశాడు. అతని వైపు నుంచి అది ఎనభై ఆరు. ఆవిడ వైపు నుంచి తొంభై ఎనిమిది.