బస్సు వెంట వచ్చిన వేపనీడ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గేయందే రంగనాయకమ్మకు చాయ్ గొంతు దిగదు. ఇల్లు బస్సయినా అంతే. ఆ రోజు బస్సు త్రిపురారం అవతల కాలువ పక్కన ఆగి ఉంది. ఆమె మెట్టు దిగి, రోడ్డంచున కాస్త జాగా తడిపి, నాలుగు గీతల ముగ్గు వేసింది. ఒక గీత వంకర పోతే తుడిచేసి మళ్లీ వేసింది. వంకర గీతను గానీ, వంకర మాటన్న మనిషిని గానీ ఆమె ఏనాడూ ఊరికే వదల్లేదు.

సూర్యాపేటలో ఆమె ఇల్లు రోడ్డు వెడల్పు పనుల్లో పోయింది. ముందరున్న వేపచెట్టునూ కొట్టేశారు. మొద్దులన్నీ లారీకెత్తుకుపోయారు గానీ నీడ జోలికి ఎవరూ పోలేదు. అది అక్కడే పడి ఉండిపోయింది. కూతురు రమ్మంటే, అల్లుడింట్లో మంచినీళ్లు కూడా ముట్టనని రంగనాయకమ్మ ఖరాఖండిగా చెప్పింది. అప్పుడు మనవరాలు సింధు ఫోన్లో అమెరికా వీడియోలు చూపించింది. అక్కడ కొందరు ఇళ్లు విడిచి వ్యాన్లలో, పాత స్కూలు బస్సుల్లో కాపురం పెడతారట. చలి ముదిరితే ఎండ ఉన్న దిక్కుకు, ఎండ ముదిరితే కొండల దిక్కుకు పోతారట. ఒక తెల్లజుట్టు దొరసాని పదేళ్లుగా ఒక్కతే అట్లా తిరుగుతోంది.

"గామెకు ఎవలూ లేరా?"

"ఉన్నరు అమ్మమ్మా. గిట్లుండుడే ఇష్టమట."

"ఇష్టం కాదే పిచ్చిదానా. ఎవలి గడపనో తొక్కనని ఒట్టు పెట్టుకున్నది. మొకం సూస్తె తెలుస్తలేదా?"

రంగనాయకమ్మకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? మిర్యాలగూడలో ఉన్న సొంత చెల్లెలు సైదమ్మ గడప తొక్కి పద్దెనిమిదేళ్లయింది. సైదమ్మ కొడుకు భాస్కర్ పెండ్లిలో, సొంత పెద్దమ్మ అని చూడకుండా ఆమెను రెండో బంతిలో కూర్చోబెట్టారు. విస్తరి ముందు నుంచి లేచి, "సచ్చేదాంక నీ గడప తొక్కను" అని ఆమె వచ్చేసింది.

కోదాడలో ఒక బడివాళ్లు అమ్మేసిన బస్సును సింధు కొన్నది. సీట్లు పీకించి, మంచం, పొయ్యి, పైన సోలార్ పలక పెట్టించింది. తన కంప్యూటర్ పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు. బస్సు సూర్యాపేట విడిచిన రోజు వేపనీడ కూడా లేచి వెంట వచ్చింది. అప్పటినుంచి బస్సు ఎక్కడాగితే అక్కడ పరుచుకునేది. అనంతగిరి దగ్గర మేకలు అందులో పడుకున్నాయి. కోదాడలో ట్రాఫిక్ పోలీసు, "ఇంకో పది నిమిషాలు ఉండి వెళ్లండమ్మా" అని బతిమాలాడు.

ఆ పొద్దున కాలువ పక్కన ముగ్గు అయిందో లేదో, రోడ్డు మీద వడ్లు ఆరబోసిన రైతు హర్యా వచ్చాడు.

"అవ్వా, నీ నీడ నా వడ్లమీద పడ్డది. గివి ఎప్పుడు ఎండాలె? బండి జరుపు."

"అడిగే తీరుగ అడుగు."

"నీ కాళ్లు మొక్కుత, జరుపు తల్లీ."

"గట్లడుగు."

అంతలో సింధు ఫోను మోగింది. అవతల భాస్కర్. ఆమె స్పీకరు పెట్టింది.

"పెద్దమ్మను తోల్కరా బిడ్డా. అమ్మకు పక్షవాతమొచ్చి ఒక దిక్కు పడిపోయింది. దవాఖానకెళ్లి ఇంటికి పంపిన్రు. మూడు దినాల సంది ముద్ద ముట్టుతలేదు. అక్క తినందే తిననంటున్నది."

రంగనాయకమ్మ ముగ్గుడబ్బాకు మూతపెట్టి బస్సెక్కింది.

"గాడికి తోలు. గేటు కాడ ఆపు. లోపలికి మాత్రం రాను."

మిట్టమధ్యాహ్నానికి బస్సు మిర్యాలగూడలో సైదమ్మ ఇంటి ముందు ఆగింది. రంగనాయకమ్మ బస్సు మెట్టు మీదే కూర్చుంది. భాస్కర్ చేతులు జోడించాడు.

"తప్పయింది పెద్దమ్మా, లోపలికి రా."

"నువ్వేం తప్పు జేసినవ్ రా, పెండ్లికొడుకువి. బంతులు సూసుకున్నది మీ అమ్మ."

ఎప్పుడూ బస్సు చుట్టే ఉండే నీడ ఆ రోజు అక్కడ ఆగలేదు. గేటు కింద నుంచి పాకింది. వాకిలి దాటి, అరుగెక్కి, గడప మీదుగా లోపలికి పోయింది.

"అక్కా, నీ వాకిట్ల యాపగాలి తగుల్తున్నది" అని లోపలినుంచి సైదమ్మ గొంతు ముద్దముద్దగా వినిపించింది.

రంగనాయకమ్మ లేచి గేటు దాకా వచ్చి చూసింది. గడపకు ఒక మూల బెత్తెడు ఎండ మిగిలి ఉంది. అందరూ నిలబడ్డారు. ఆ బెత్తెడు కూడా నీడలో కలిసేదాకా ఆమె కదల్లేదు.

"నా నీడ పడ్డకాడల్ల నా వాకిలే. నా వాకిట్ల నేను నడుస్త. ఒట్టు ఒట్టే" అని కొంగు నడుముకు చెక్కుకొని గడప దాటింది.

భాస్కర్ భార్య వందన రెండు కంచాలు తెచ్చింది. సైదమ్మ పనిచేసే చెయ్యి ఎత్తి, "ముందు అక్కకు" అన్నది. రంగనాయకమ్మ నెమ్మదిగా, మెతుకు మిగలకుండా తిన్నది. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. తర్వాత చెయ్యి కడుక్కొని, రెండో కంచంలో అన్నం మెత్తగా పిసికి చెల్లెలి నోట్లో పెట్టింది. సైదమ్మ మింగింది.

తెల్లారి సింధు బస్సు తిప్పుదామని సందు చివరిదాకా పోనిచ్చింది. బస్సు మీద ఎండ చుర్రుమన్నది. నీడ వెంట రాలేదు. ఆమె బస్సును మళ్లీ గేటు దాకా వెనక్కు తెచ్చింది. సైదమ్మ వాకిట్లో, ఆ నీడలోనే, రంగనాయకమ్మ వంగి ముగ్గు వేస్తోంది.

"ఇంజన్ బందు పెట్టే" అన్నది తల ఎత్తకుండానే. "పొగకు ముగ్గు పాడైతది."