లోడు దిగేటప్పుడు

ఆ ఇంటి పెద్దాయన చేతులు ఊరుకోవు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉద్యోగమంతా వెళ్ళదీసి రిటైరయ్యాడు కదా, ఇక పేపరు చదువుకుని కునుకు తీస్తాడనుకున్నారు ఇంట్లోవాళ్ళు. పాపం, అమాయకులు. వచ్చీరాగానే మిక్సీ విప్పాడు. శుభ్రంగా తిరుగుతున్న మిక్సీ! అదయ్యాక గోడ గడియారం, ఆ తర్వాత ఫ్యాను రెగ్యులేటరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని భార్య మొత్తుకుంది. ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసే కొడుకు ఫోన్లోనే దండం పెట్టి, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోకుండా ఉండాలంటే మనిషి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కూర్చున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళని చూస్తూ కూర్చుంటే ప్రాణం పోయినంత పనయింది.

ఆ కుర్చీలోంచి లేపింది కోడలు. ఇంకా కట్టని భవనాలను కంప్యూటర్లో కట్టి, వాటిలో మనం నడిచి తిరుగుతున్నట్టు సినిమాలు తీసి ఇవ్వడం ఆమె పని. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె మిషన్ ఉండేది. దానికి ఒక పక్క అద్దం, అద్దం వెనక మూడు ఫ్యాన్లు బిగించిన ఇటుకంత వస్తువొకటి. అదేమిటని అడిగాడు ఒకనాడు. గ్రాఫిక్స్ కార్డని, బొమ్మలన్నీ వండేది అదేనని చెప్పింది. అంత గోల ఎందుకు చేస్తోందన్నాడు. దానికీ చెప్పింది. మిగతావాళ్ళయితే రెండో ప్రశ్నకే ఏదో పని గుర్తొచ్చి లేచిపోతారు. ఈ పిల్ల లేవలేదు సరికదా, ఇంకో కుర్చీ లాగి పక్కన వేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి మామాకోడళ్ళకు అదే లోకం. కార్డుకు కంపెనీవాళ్ళు ఒక వేగం పెట్టి పంపుతారట. దాన్ని మనం మెల్లగా పెంచుకోవచ్చట. ఓవర్‌క్లాకింగ్ అంటారట. మరీ పెంచితే వోల్టేజి చాలక తెరమీద చుక్కలూ గళ్ళూ వస్తాయి, అప్పుడు కాస్త తగ్గించాలి. తెరమీద వెంట్రుకల గోళం ఒకటి గిరగిరా తిరుగుతుంటే, అదే కార్డుకు బరువు పెట్టే పరీక్ష. ఆమె పని అయిపోయాక పెద్దాయన గోళం తిప్పడం, వేగం పెంచడం, చుక్కలు రాగానే అయ్యయ్యో అని వెనక్కి తీయడం. పిల్లలు ఆడుకున్నా ఇంత బాగా ఆడుకోరు.

ఒక్కటే షరతు పెట్టింది కోడలు. "వేగంతో మీ ఇష్టం మామయ్యగారూ. వోల్టేజి జోలికి మాత్రం వెళ్ళకండి. ఒక హద్దు దాటితే చిప్పు మాడిపోతుంది. ఇది నాకు అన్నం పెట్టే వస్తువు."

సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. వోల్టేజి హద్దు గురించి ఆయనకొకరు చెప్పాలా? బతుకంతా వోల్టేజి మీటరు ముల్లును చూస్తూనే గడిపాడాయె. కానీ చూస్తూ చూస్తూ ఉండగా ఒక సంగతి ఆయన కంట్లో పడింది. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు తెర మూలనున్న గ్రాఫులో వోల్టేజి గీత హద్దుకు కాస్త కింద నిలకడగా ఉంటోంది. గోళం తిరగడం మొదలవగానే కిందికి జారుతోంది. పని లేనప్పుడు నిండుగా ఇచ్చి, పని పడ్డప్పుడు తగ్గించడమేమిటి? ఇదెక్కడి న్యాయం?

సబ్‌స్టేషన్‌లో ఆయన పగవాడు సరిగ్గా ఇదే. సాయంత్రం అందరూ దీపాలేసుకోగానే లైను చివరి ఇళ్ళకు వోల్టేజి పడిపోయేది, బల్బులు గుడ్డిగా వెలిగేవి. పెద్దాయన ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి పెంచే ట్యాపు ఒక మెట్టు పైకి వేసి వాళ్ళకు ఊపిరి పోసేవాడు. ఈ కార్డు కూడా లైను చివరి ఇల్లేనని, పాపం దానికి అందట్లేదని ఆయనకు తోచింది. తోచాక ఇక ఊరుకోగలడా? ఇంటర్నెట్టులో ముక్కూమొహం తెలియని పిచ్చివాళ్ళ మధ్య వెతికి వెతికి, ఆ జారుడును ఆపేసే ప్రోగ్రాము ఒకటి పట్టుకున్నాడు. అందులో మీట మార్చి, మిషన్ ఆపి మళ్ళీ వేస్తే చాలు. కోడలు బజారుకెళ్ళినప్పుడు ఆ పని కానిచ్చాడు. హద్దు దాటలేదు కదా, పడిపోయిందాన్ని నిలబెట్టానంతేనని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. ముద్దాయీ తనే, జడ్జీ తనే అయితే తీర్పుకేం కొదవ?

గోళం మునుపెన్నడూ లేనంత వేగంతో తిరిగింది, ఒక్క చుక్క లేదు. కార్డు ఈమధ్య మంచి హుషారుగా ఉందని కోడలు సంబరపడింది. పెద్దాయన తేలు కుట్టిన దొంగలా పేపరులో తల దూర్చాడు.

తర్వాత ఒక రోజు ఆమె పని ఆపి టీకని లేవగానే తెర నల్లబడింది. మిషన్ ఆపి వేస్తే మళ్ళీ వచ్చింది. మర్నాడూ అంతే. పని చేస్తున్నంతసేపూ రాయిలా ఉండి, విశ్రాంతి ఇవ్వగానే పడిపోతోంది. ఇదేం విడ్డూరమని కోడలు బుర్ర గోక్కుంది. ఆయన మాత్రం గోక్కోలేదు. తను మార్చిన మీట పనేనని తెలుసు గానీ, ఎందుకలా అని లోపల ఒకటే పురుగు తొలిచింది.

మరుసటి రోజు ఆమె పొద్దున్నే పెద్ద పని పెట్టింది. ఒక బడి కొత్త భవనం సినిమా అది. సాయంత్రానికి పంపాలి. తను ఉద్యోగం చేసే కంపెనీ నీడలో కాకుండా ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. సినిమా అంతా తయారయ్యాకే ఫైలు డిస్కులోకి ఎక్కుతుంది, మధ్యలో ఏమైనా అయితే మళ్ళీ మొదటికే. అది నడుస్తుండగా పెద్దాయన మిషన్ దాచి ఉంచిన ముందురోజు గ్రాఫు తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని, తెర నల్లబడ్డ చోటును పెద్దది చేసి చూశాడు. పని ఆగిన క్షణంలో వోల్టేజి గీత సూదిమొనలా పైకి లేచి, హద్దు దాటి ఉంది.

ఇది తను చూసిందే! గాలివానకు లైను తెగి లోడంతా ఒక్కసారిగా పోయినప్పుడు సబ్‌స్టేషన్ ఆఫీసులో బల్బులు టపటపా పగిలేవి. ఎత్తిన బరువు హఠాత్తుగా జారిపోతే చెయ్యి పైకి లేస్తుంది కదా, వోల్టేజీ అంతే. అందుకనే కార్డు కంపెనీవాళ్ళు పని పడ్డప్పుడు గీతను కావాలనే కిందికి జారనిచ్చారు, బరువు దిగినప్పుడు ఎగరడానికి చోటుండాలని. ఆ చోటును తను పూడ్చేశాడు. ఎంత తెలివిగా పెట్టారురా అనిపించి ఒక్క నిమిషం ఆనందం పట్టలేకపోయాడు. ఆ వెంటనే అర్థమైంది. ఈ సాయంత్రం బడి సినిమా పూర్తయి, ఫైలు ఎక్కబోయే ఆ క్షణంలోనే బరువు దిగుతుంది.

ఇప్పుడు చెప్పాలి. చెబితే కుర్చీ పోతుంది, మళ్ళీ వరండానే గతి. చెప్పకపోతే పిల్ల నోటి దగ్గరి కూడు పోతుంది. ఎంత ఆలోచించినా రెండూ సమంగా తూగలేదు. వంటింట్లోకి వెళ్ళి కోడలికి అంతా చెప్పాడు. ఆమె స్టవ్వు ఆపి ముందుగదిలోకి పరుగెత్తింది. ఆ మీటను వెనక్కి తిప్పేయమంది. తిప్పాలంటే మిషన్ ఆపాలన్నాడు.

"మరేం చేస్తాం మామయ్యగారూ?"

"లోడు ఒక్కసారిగా దించకూడదమ్మా. మేం మెల్లగా దించేవాళ్ళం."

ఎలాగో ఆయనకు తెలియదు. తట్టింది ఆమెకే. పని అయ్యేలోపే గోళాన్ని తిప్పడం మొదలుపెడితే, సినిమా బరువు దిగినా గోళం బరువు ఉంటుంది కదా అంది.

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. చివరి బొమ్మలు వస్తుండగా గోళాన్ని తిప్పారు. సినిమా పూర్తయింది. గీత కొంచెం లేచి, హద్దు కిందే ఆగింది. ఫైలు ఎక్కింది. ఆ తర్వాత గోళాన్ని చిన్నది చేశారు, ఇంకా చిన్నది చేశారు, నిమ్మకాయంత చేశారు. చివరికి మూసేశారు. తెర వెలుగుతూనే ఉంది. కోడలు ఫైలును వేరే డిస్కులోకి ఎత్తి, బడివాళ్ళకు పంపి, అందిందని వాళ్ళు జవాబిచ్చేదాకా తెర ముందు నుంచి కదల్లేదు.

పెద్దాయన లేవబోయాడు. "కోపంగా ఉందా అమ్మా?"

"చాలా ఉంది. అన్నం పెట్టే వస్తువని చెప్పాను మీకు." ఆమె తన కుర్చీని ఆయన వైపు తిప్పింది. "పైగా ఆ గీత ఎగరడం మీరొక్కరే చూశారు. నన్ను పిలవాలనిపించలేదా?"

ఆయన మిక్సీ విప్పినందుకు తిట్లు తిన్నాడు, గడియారం విప్పినందుకు తిన్నాడు. నన్నెందుకు పిలవలేదని తిట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"కూర్చోండి," అంది ఆమె. మళ్ళీ గోళం తెరిచి, తెరనిండా పెద్దది చేసింది.

కార్డు పోవచ్చమ్మా, వద్దన్నాడు ఆయన. పోతే ఎందుకు పోయిందో తెలిసే పోతుంది లెండి అంటూ, గ్రాఫు మీదే కళ్ళు పెట్టి, గోళాన్ని ఒక్క దెబ్బన మూసేసింది. గీత సూదిలా లేచింది. ఇద్దరూ చూశారు. తెర నల్లబడింది.

ఆయన చెయ్యి స్విచ్చి వైపు వెళ్ళింది. ఆమె ఆపింది. "ఆగండి. అది సరిగ్గా ఎంత పైకి లేస్తుందో కంపెనీవాళ్ళకు ముందే ఎలా తెలిసింది?"

అదే తనకూ అర్థం కావట్లేదని ఆయన కుర్చీ ఇంకా ముందుకు జరిపాడు. ఈయనొక్కడే అనుకుంటే కోడలికీ అంటుకుందా ఈ పిచ్చి అని అత్తగారు గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకుంది. ఆ మాట ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.