మిషన్ లేచేదాకా

1989 జనవరిలో, చెరకు నరికే రోజుల్లో, జహీరాబాద్ చెరకు సంఘం ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడపడానికి మనోరమ వచ్చింది. బీఎస్సీ చదివి, హైదరాబాద్‌లో ఆరు నెలలు కంప్యూటర్‌ను నడిపే యూనిక్స్ నేర్చుకుంది. పెళ్లయి అప్పటికి నలభై రెండు రోజులు. ఎవరూ అడగకపోయినా ఆమె ఆ లెక్కకు రోజూ పొద్దున్నే ఒకటి కలుపుకునేది.

బండ్లకు తూకం టోకెన్లు అచ్చువేయడం ఆమె పని. ఎనిమిదింటికి స్విచ్ వేస్తే మిషన్ వెంటనే లేవాలి. లేవదు. డిస్కులోని ఫైళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూసుకుంటూ ముప్పావుగంట కూర్చుంటుంది. అంతసేపూ బండ్లు రోడ్డు మీదే.

"అమ్మా, నీ మిషన్ ఇంకా మొఖం కడుక్కోలేదా?" మొగుడంపల్లి రైతు రేవణసిద్ధప్ప కిటికీలోంచి అడిగాడు. "ఈడ చెరుకు ఎండి కట్టెలైతున్నది."

మేనేజర్ రామ్‌కిషన్ అప్పటికే కంపెనీకి ఒక ఉత్తరం టైపు చేయించి సొరుగులో పెట్టాడు. "సోమవారం దాంక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే మిషన్ వాపస్. నువ్వు ఇంటికాడ వంట నేర్చుకోవచ్చు బిడ్డా."

"వంట వచ్చు సార్," అంది మనోరమ. అది పూర్తిగా నిజం కాదు.

కంపెనీ ఇంజనీరు వచ్చి మూత తీసి, దుమ్ము దులిపి, డిస్కే చెడిపోయిందని తేల్చి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. మనోరమ నమ్మలేదు. తెర మీద రోజూ ఏ ఫైళ్లు పాడైనట్టు వస్తున్నాయో నాలుగు రోజులు కాగితం మీద రాసుకుంది. ఎప్పుడు చూసినా ముందురోజు సాయంత్రం తాను చివరగా తెరిచినవే. చెడిపోయిన డిస్కు అంత ఏరికోరి పాడుచేయదు. ఏదో సాయంత్రమే జరుగుతోంది.

గురువారం జరిగేదేమిటో కనబడింది. ఝరాసంగం బడిలో టీచరైన ఆమె భర్త ఇంద్రసేన రోజూ ఐదింటికి గేటు దగ్గర లూనా మోపెడ్ హారన్ కొడతాడు. ఆ రోజు టైరు పంక్చరై రాలేదు. మిషన్ ఆపే కమాండ్ కొట్టి మనోరమ కుర్చీలోనే ఉండిపోయింది. లోపల డిస్కు గరగరమంటూ ఇంకా ఏదో రాసుకుంటూనే ఉంది. ఐదు నిమిషాలయ్యాక, ఇక కరెంటు తీయవచ్చని తెర మీద అక్షరాలు వచ్చాయి. అటెండర్ బసమ్మ మెయిన్ స్విచ్ దగ్గర చీపురుతో నిలబడి ఉంది.

"ఏమే, ఇయ్యాల పోవా? నువ్వు గడప దాటితే గద నేను మెయిన్ తీసేది."

"రోజూ నేను పోంగనే తీస్తవా అక్కా?"

"మేనేజర్ సారు ఆర్డరాయె. కరెంటు ఊకె కాలొద్దని. నువ్వేమో హారన్ ఇనవడంగనే చెప్పులన్న సరిగ తొడుక్కోకుంట ఉరుకుతవు!"

మనోరమ చెవులు వేడెక్కాయి.

శుక్రవారం మిషన్ రెండు నిమిషాల్లో లేచింది. రామ్‌కిషన్ వచ్చి తెర చూశాడు. "ఇంజనీరు మంచిగనే చేసిండు."

ఆ మాటను అలాగే ఉండనిస్తే సరిపోయేది. ఆమె నోరు ఊరుకోలేదు. "ఆయనేం చేయలేదు సార్. తప్పు నాదే. అది పూర్తిగ ఆగకముందే నేను పోతున్న, వెనకనే కరెంటు పోతున్నది."

"ఎందుకంత తొందర?"

"కొత్త పెండ్లికూతురు సార్," అంది బసమ్మ ఊడుస్తూనే.

రామ్‌కిషన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సొరుగులోంచి ఉత్తరం తీసి, వెనక్కి తిప్పి, మనోరమ చెప్పేదాకా మెయిన్ స్విచ్ ముట్టరాదని రాసి బసమ్మకిచ్చాడు.

"నాకు సదువొస్తదా సార్? నోటితోని చెప్పున్రి."

కిటికీ దగ్గర మనోరమ మొదటి టోకెన్ చింపి పిలిచింది. రేవణసిద్ధప్ప బీడీ పారేశాడు. "గప్పుడే అయిపోయిందా? ఎడ్లను ఇడిసిపెట్టి గడ్డేసిన గదమ్మా!" అంటూ బండి వైపు పరుగెత్తాడు.