ఒట్టు పెట్టని మహాదేవమ్మ

ఈ హనుమాయమ్మ నోరు, అంటే నా నోరు, మంచిది కాదని మా ఆయన పెళ్ళైన మూడో రోజే కనిపెట్టారు. తెనాలి పక్కన ఉన్న రెండెకరాలూ అమ్ముకుని, తుంగభద్ర కాలవ కింద పొలం కొనుక్కుని రాయచూరు జిల్లాకు వచ్చాక ఇడపనూరు దగ్గర మా ఆంధ్రావాళ్ళు కట్టుకున్న క్యాంపులో అందరికీ తెలిసిపోయింది. అయినా నన్ను భరించిన మనిషి ఒకతి ఉండేది. మా పొలంలో నాట్లు వేసే ముఠాకు పెద్ద, మహాదేవమ్మ.

గద్వాల పిల్ల, యాపలదిన్ని కోడలు. పేరు చూసి మనలోదే అనుకున్నాను. కాదట, మెన్నొనైటు అనే క్రైస్తవ సంఘమట. "బాప్తిస్మం అప్పుడు పేరు మార్చుకోలేదేమే?" అంటే, "మా అమ్మ పెట్టిన పేరు. అదేం పాపం జేసింది?" అంది. కలుపు తీస్తున్నంతసేపూ వాళ్ళ సంఘం గొప్పలే. "కాంగోల ఉన్నరు, కెనడాల ఉన్నరు, రష్యాల ఉన్నరమ్మా మావోళ్ళు. నేను గాడికి పోతే ఇంట్లకు పిలిచి బువ్వ పెడ్తరు." "ముందు రాయచూరు దాకా బస్సెక్కి చూపించు, తర్వాత కాంగో" అనేదాన్ని. పగలబడి నవ్వేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

అరవై తొమ్మిదిలో ఆ కాంగో నుంచే వాళ్ళ సంఘం పెద్దావిడ యాపలదిన్నికి వస్తోందని కబురొచ్చింది. దేశదేశాల్లో ఉన్న తమవాళ్ళను చూసుకుంటూ తిరుగుతోందట. ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె పంచుకునే పూజ. దానికి ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, మగవాళ్ళకు మగవాళ్ళు. వచ్చినావిడ కాళ్ళు కడిగే భాగ్యం మహాదేవమ్మకు వచ్చింది. నెల రోజులు ఇంక వేరే మాట లేదు.

సరిగ్గా అప్పుడే మా నీళ్ళు పోయాయి. మాది దాదాపు కాలవ చివర, వారానికొక్కసారే వంతు. నారుమడికి పెట్టిన నీళ్ళు పట్టపగలు ఎవరో గట్టు తెంచి కింది పొలంలోకి వదిలేశారు. ఆ పూట గట్టు మీద ఉన్నది మహాదేవమ్మ ఒక్కతే. కింది పొలానికి నాట్లు వేసేదీ ఆవిడే. నాకు ఇంకేం కావాలి?

"నువ్వే తెంచావు" అన్నాను.

"లేదమ్మా, నేను తెంచలే."

"అయితే నీ కొడుకు మీద ఒట్టు పెట్టు."

మా వైపు కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పడానికి కూడా ఒట్టు పెడతాం. మహాదేవమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఒట్టు పెట్టనమ్మా. మా సంగంల ఎవ్వరం పెట్టం. అవునంటే అవును, లేదంటే లేదు."

"దొరికావే! చెయ్యని దానివైతే ఒట్టంటే భయమెందుకు?" అని నలుగురూ వినేలా అరిచాను. అక్కడితో ఆగానా? క్యాంపులో ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఆవిడ మా పొలానికి రావడం మానేసింది. వారం తిరిగేసరికి నారంతా ఎండి పసుపు పచ్చగా అయింది.

శనివారం పొద్దున మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు లోపలికి పోయాయి. "తగువు పెట్టుకోని బల్ల కాడికి పోవద్దమ్మా మాకు. కాళ్ళు కడగొద్దు, రొట్టె ముట్టొద్దు. రాజీ పడదం."

"తెంచానని ఒప్పుకో. ఇప్పుడే రాజీ."

"చెయ్యంది చేసిన్నని ఎట్లంటనమ్మా?"

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆదివారం ఉండబట్టలేక యాపలదిన్ని వెళ్ళాను. రేకుల గుడి. లోపల పాట అవుతోంది. మహాదేవమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని బయట మెట్టు మీద కూర్చుని ఉంది. లోపల ఇంకెవరో ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోస్తున్నారు. మహాదేవమ్మ పక్కన అక్కడే కూర్చోవాల్సింది. కానీ నా నోరుందే! తిన్నగా లోపలికి పోయాను.

కాంగో ఆవిడ నల్లగా నిండుగా, తలకు పూల గుడ్డ చుట్టుకుని కూర్చుంది. పక్కన మాటలు తిప్పి చెప్పడానికి ఒక కెనడా నర్సమ్మ. ఏళ్ళ తరబడి గద్వాలలో ఉందట, దొరసానిది అచ్చం మహాదేవమ్మ తెలుగే.

"ఈవిణ్ణి అడగండమ్మా, వాళ్ళ దేశంలోనూ ఒట్టు పెట్టరా?"

ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. "పెట్టరంట" అంది నర్సమ్మ.

"నిజమేనని ఒట్టేసి చెప్పమనండి!"

పాట ఆగిపోయింది. పాస్టరుగారు నుదురు పట్టుకున్నారు. నా మాట తన భాషలో వినగానే కాంగో ఆవిడ గుడి అదిరేలా నవ్వింది. నవ్వి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. నర్సమ్మ తిప్పి చెప్పింది: "పెట్టనంటుంది. ఒట్టు పెట్టనందుకు ఎనకట మా సంగం పెద్దోళ్ళు జైళ్ళకు పోయిండ్రు, నువ్వడిగినవని ఎట్ల పెడ్తనమ్మా? అవునంటే అవునే అంటుంది."

సముద్రాలు దాటి వచ్చినావిడా, మా గట్టు మీద మహాదేవమ్మా ఒకటే మాట. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయటికి వచ్చి మెట్టు మీద ఆవిడ పక్కన కూలబడ్డాను.

"మహాదేవమ్మా, నీళ్ళు నువ్వు వదిలావా?"

"లేదమ్మా."

"సరే" అన్నాను. ఆ గట్టు ఎవరు తెంచారో ఈనాటికీ తెలియదు. మళ్ళీ ఎవర్నీ అడగలేదు. "తప్పయిపోయింది తల్లీ. నీ పరువు తీశాను. ఇంక లోపలికి పోవే."

ఆవిడ లేవలేదు. కళ్ళు తుడుచుకుంది.

"నాది గూడ ఒకటుందమ్మా. నువ్వు నన్ను గట్లన్నంక నీ నారు ఎండుతుంటే దినం పోయి చూసిన. నాకు మంచిగనిపించింది. మస్తు సంతోషపడ్డ. నన్ను క్షమించినవా?"

ఓసి నా తల్లీ! ఎవరూ అడగని తప్పు తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. 'మా అబ్బాయి మీద ఒట్టు' అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"క్షమించాను" అన్నాను. అంతే.

మహాదేవమ్మ ఇంకో మాట అడగలేదు. లేచి, కొంగు నడుముకు దోపుకుని, కాళ్ళు కడగడానికి లోపలికి వెళ్ళింది.