నలభై నాలుగో ఘటన

సాయంత్రం ఐదు లోపు ప్రాజెక్టు నంద్యాల కాలేజీలో ఇవ్వకపోతే సలోమికి ఒక ఏడాది పోయినట్టే. ఇప్పుడు మూడుంబావు. సంతకం పెట్టాల్సిన గైడు శేషయ్య సారేమో సెలవు పెట్టి ఆళ్లగడ్డలో సొంతింట్లో కూర్చున్నాడు. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి చెప్పి, సలోమి, క్లాస్‌మేట్ హరీష్ బస్సు పట్టుకుని ఇక్కడికి వచ్చిపడ్డారు.

హరీష్ ఫైలు మీద పేజీ తిప్పకుండానే సంతకం పడింది. సలోమి ఫైలు రాగానే సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

క్యాంపస్‌లో నవ్వుతూనే గుచ్చే మాటలు, చేతలు ఆమె ప్రాజెక్టు అంశం. "మీవాళ్లలో ఇంత బాగా మాట్లాడేవాళ్లుంటారా?" లాంటివి నలభై మూడు సేకరించింది.

"యాడుండాయమ్మా ఇట్లాంటివి? నువ్వే ఊహించుకుంటాండావ్. ఒక్కదానికీ సాక్షి లేడు."

"పోయిన వారం భాష మార్చమంటిరి, మార్చినా. మొన్న పట్టికలు మార్చమంటిరి, మార్చినా. ఇప్పుడు సాక్షా సార్?"

"సాక్షితో ఒక్కటి తే. అప్పుడే పెడతా."

అంతలో సారు భార్య కమలాక్షమ్మ టీ తెచ్చింది. సారుకు, హరీష్‌కు స్టీలు గ్లాసులు. సలోమికి కాగితం గ్లాసు.

సలోమి తెల్లకాగితం తీసి తేదీ, సమయం, మూడు గ్లాసుల సంగతి రాసి హరీష్ ముందుకు తోసింది. "సాక్షి సంతకం పెట్టు."

"చిన్న విషయం గదా, వదిలేయ్."

ఈ మాట అతని నోటే ఆమె పదిసార్లు వింది.

సారు నవ్వాడు. "ఏందీ నీ అనుమానం? స్టీలు గ్లాసులు చాలినట్టు లేవు. కావాలంటే ఆమెనే అడుగు."

"గ్లాసులకేం కరువు? డజనుండాయి," అంది కమలాక్షమ్మ. "ఆ పాప వస్తాంది, కాగితం గ్లాసులు తెప్పించమని పొద్దున మీరే గదా చెప్తిరి!"

హరీష్‌కు పొలమారింది.

"ఆ మాటే ఈడ రాసి సంతకం పెడతారామ్మా?"

"జరిగిందే గదా." కమలాక్షమ్మ చేయి తుడుచుకుని రాసేసింది. సారు "ఏయ్!" అనేలోపు అయిపోయింది.

"సాక్షితో తెస్తే పెడతానంటిరి సార్."

"నేనెప్పుడన్నా?"

"అన్నారు సార్. నేను విన్నా," అన్నాడు హరీష్, తల ఎత్తకుండానే.

సారు పెన్ను అందుకున్నాడు. "నా పేరు మాత్రం రాయద్దు."

"పరిశోధనలో పేర్లు రాయరు సార్. మీరే నేర్పిస్తిరి."

మూడు నలభై. సంతకం పడిన ఫైలు చంకలో పెట్టి సలోమి బస్టాండుకు పరుగు తీసింది. వెనక నుంచి కమలాక్షమ్మ కేకేస్తోంది.

"పాపా, టీ తాగకనే పోతాండావే!"