కోడిపెట్టకు లేని అభ్యంతరం

మా చెల్లి దేవుణ్ణి 'అక్కా' అని పిలుస్తుంది. నేను నేర్పలేదు. చర్చి గడప తొక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లను ఆవిరి ఇస్త్రీ మర కిందికి తోస్తుంటాను. ఆదివారం సెలవు దొరికితే నిద్రపోతాను, నా భక్తి అంతవరకే.

ఆ పిలుపు వల్లే సంఘం పెద్దలు ఆమెను విచారణకు రమ్మన్నారు. పిల్లల ఆదివారపు బడి ఆమె చేతిలో ఉంచాలా, లాక్కోవాలా అన్నది తేల్చాలట. వారమంతా చెప్పుల దుకాణంలో పరాయి పాదాల ముందు వంగి కూర్చునే పిల్ల, ఆ ఒక్కపూట చర్చి వెనక గదిలో చాప మీద పిల్లల మధ్య నిటారుగా కూర్చుంటుంది. గొంతెత్తి పాడుతుంది. ఇంట్లో ఆమె గొంతు నేనే సరిగ్గా వినలేదు. ఆ గది పోతే ఆమెకు ఇంకేమీ మిగలదు.

గొడవ ఎలా మొదలైందంటే, ఆ బడి పిల్ల ఒకతి ఇంట్లో అన్నం ముందు చేతులు జోడించి, "అక్కా, నీకు వందనాలు" అంది. వాళ్ళ నాయనమ్మ చేతిలో గరిటె జారిపోయిందట. సాయంత్రానికల్లా సంఘమంతా గుప్పుమంది.

"ఎందుకే ఈ తంటా? అందరిలాగా తండ్రీ అంటే నీ సొమ్మేం పోయింది?" అని అడిగాను.

"ఆ మాట అనబోతే బెల్టు చప్పుడు వినబడుతుందక్కా," అంది.

అది మా నాన్న బెల్టు. అమ్మ పోయాక చెల్లిని పెంచింది నేనే. బడి మానేసి లాండ్రీలో చేరి పెంచాను. తర్వాత నాన్న మారుమనసు పొందాడు. తాగుడు మానేశాడు, అరుపులు మాత్రం మానకుండా ప్రార్థనకు మళ్ళించాడు. తను ఎంత ఘోరమైన పాపో మైకులో చెప్పుకుంటే జనం కళ్ళొత్తుకున్నారు. దెబ్బలు తిన్నవాళ్ళని ఎవరూ మైకు దగ్గరికి పిలవలేదు. ఇప్పుడాయన సంఘపెద్ద. విచారణలో కూర్చునేవాళ్ళలో ఆయనా ఒకడు.

చెల్లికి తోడుగా వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త గర్వంగానే ఉంది. పాటల్లోని కొండనీ కోటనీ కాదని నన్ను పెట్టుకుంది కదా దేవుడి స్థానంలో!

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద ఉతకని గుడ్డ. దాని అంచున ఉన్న టీ మరక మీద నుంచి నా చూపు మళ్ళలేదు, వృత్తి అలాంటిది. పాస్టరుగారు మధ్యలో కూర్చున్నారు. ఒక పక్క ఖజానా చూసే పెద్దమనిషి, ఇంకో పక్క మా నాన్న, తెల్లచొక్కాలో, ఎప్పుడూ ఏ పాపం ఎరగనట్టు.

"దేవుణ్ణి మన ఇష్టమొచ్చిన పేరుతో పిలవకూడదమ్మా," అన్నారు పాస్టరుగారు తేనె పూసిన గొంతుతో.

చెల్లి తల దించుకుంది. నేను ఊరుకోలేకపోయాను. "మీ పాటల్లో ఆయన్ని కొండంటారు, కోటంటారు, తలుపంటారు. సింహం అంటారు, ఆ నోటితోనే గొర్రెపిల్ల అంటారు. పిల్లల్ని రెక్కల కింద దాచుకునే కోడిపెట్ట అని కూడా మీరే చెప్పారు. కోడిపెట్టకు లేని అభ్యంతరం అక్కకెందుకొచ్చిందండీ?"

"అవన్నీ పోలికలమ్మా. తండ్రి అన్నది పోలిక కాదు, నిజం."

"ఎవరు తేల్చారు?"

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తండ్రులే. ఒక్క కోడిపెట్టయినా సభ్యురాలిగా ఉండుంటే తీర్పు ఇంకోలా ఉండేదేమో!

మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "నా తప్పులన్నీ దేవుడే మర్చిపోయాడు తల్లీ. నువ్వెందుకు ఇంకా మోస్తావు?"

దేవుడికి మతిమరుపని ఈయనకెవరు చెప్పారో నాకు తెలీదు. దెబ్బలు కొట్టినవాడికి మర్చిపోవడం సులువు. ఒళ్ళు మండిపోయింది.

పాస్టరుగారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "మాకేం కక్ష లేదమ్మా. నువ్వు దేవుణ్ణే పిలుస్తున్నావని మాకు నమ్మకం కుదరాలి, అంతే. మా ముందు ప్రార్థన చెయ్యి. తండ్రీ అనలేకపోతే నీ మాటల్లోనే చెయ్యి, వింటాం."

నేను తెల్లబోయాను. అంత వెసులుబాటు ఇస్తారని ఊహించలేదు. చెల్లి లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఫ్యాను కిర్రుమంటోంది. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. మూడోసారికి, చిన్నప్పటి గొంతుతో, "అక్కా..." అంది.

"ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా!" అంటూ ఒక్క ఉదుటున వెళ్ళి పట్టుకున్నాను.

ఖజానా పెద్దమనిషి పకాలున నవ్వాడు. పాస్టరుగారి మొహంలో బరువు దిగింది. "అదీ సంగతి. పాపం, ఈ పిల్ల పిలిచేది అక్కనే. ఇందులో దుర్బోధ ఏమీ లేదు, బెంగ అంతే." బెంగపడ్డ మనిషికి విశ్రాంతి కావాలని, బడి ఖజానా పెద్దమనిషి కోడలు చూసుకుంటుందని తీర్మానించారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మా నాన్న.

మెట్ల దగ్గర నోటికొచ్చినట్టు వాళ్ళని తిట్టాను. చెల్లి నా చెయ్యి విదిలించుకుంది.

"ఎందుకు పలికావక్కా?"

"పిలిచావు కదే!"

"నిన్ను కాదు."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం అప్పుడే విన్నాను. "పెంచింది నువ్వే, కాదన్నానా? నాన్న కొట్టినప్పుడు స్నానాల గదిలో గడియ పెట్టుకుని అక్కా అక్కా అని ఏడ్చేదాన్ని. నువ్వు డ్యూటీలో ఉండేదానివి. రాలేవని నాకు తెలుసు. తెలిసే పిలిచేదాన్ని. అయినా ఎవరో పలికేవాళ్ళు."

"ఎవరే?"

"అదే చెబుదామని నోరు తెరిచాను లోపల," అంది చెల్లి. "నువ్వు అడ్డమొచ్చావు."